గొంతు నమూనాలు మోసిన పెట్టెను

నేను వ్యాక్సిన్ క్యారియర్‌ని. పోలియో చుక్కలు మోయాల్సినదాన్ని. 2009 వేసవిలో హైదరాబాద్‌లో నా పని మారిపోయింది. మెక్సికో, అమెరికాల్లో ఏప్రిల్‌లో బయటపడ్డ హెచ్1ఎన్1 ఫ్లూ మన దేశంలో మొదటిసారి తేలింది ఈ ఊళ్ళోనే, మే 16న, విదేశం నుంచి విమానంలో వచ్చిన ఒక యువకుడిలో.

ఆ రోజుల్లో అనుమానం ఉన్న ప్రతి నమూనా నాలోకి వచ్చేది. "నోరు బాగా తెరువమ్మా, ఆ అను" అనేది మాస్కు కట్టుకున్న ల్యాబ్ టెక్నీషియన్. స్వాబ్ గొంతు వెనక తగలగానే పేషంటుకు డోకొచ్చేది, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆ పుల్లను గులాబీరంగు ద్రవమున్న సీసాలో ముంచి, గాటు దగ్గర పుటుక్కున విరిచి, మూత బిగించేది. పేరు, వయసు, తేదీ రాసేది. సీసా చుట్టూ దూది, దానిపైన ఇంకో డబ్బా, ఆ డబ్బా నాలో ఐస్‌ప్యాకుల మధ్య. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పితే వైరస్ పాడవుతుంది. ఇక నెగెటివ్ అని వచ్చినా నమ్మడానికి లేదు.

మొదట్లో పరీక్ష ఢిల్లీ, పుణె లాంటి కొద్దిచోట్లే జరిగేది. రిపోర్టు వచ్చేలోగా ఆరోగ్య సిబ్బంది ఊరికే కూర్చోలేదు. విమానంలో పక్క సీట్లవాళ్ళనీ ఇంట్లోవాళ్ళనీ వెతికి పట్టుకుని, టామీఫ్లూ మందు ఇచ్చి, జ్వరం వచ్చిందా అని అడుగుతూనే ఉండేవారు. వాళ్ళంటే నాకెంతో గౌరవం.

జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఫ్లూను మహమ్మారిగా ప్రకటించింది. ఆగస్టులో పుణెలో ఒక బాలిక దీనితో చనిపోయాక జనం టెస్టుల కోసం బారులు తీరారు. అప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ రోగులను ఏ, బీ, సీ అని మూడు రకాలుగా చూడమంది. కొద్దిపాటి జ్వరం, దగ్గు అయితే ఇంట్లోనే ఉండాలి, పరీక్ష అక్కర్లేదు. గర్భిణులకు, ముసలివాళ్ళకు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళకు రిపోర్టుతో పని లేకుండా మందు. ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే ఆసుపత్రి, పరీక్ష.

నాలో సీసాలు తగ్గాయి. సర్కారు చేతులెత్తేసిందన్నారు కొందరు. నేనలా అనుకోను. వైరస్ ఊరంతా పాకాక ప్రతి దగ్గునూ లెక్కపెడుతూ కూర్చుంటే, ఊపిరాడని మనిషిని చూసుకునే చేతులు మిగలవు.

2010 ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని ప్రకటించారు. వైరస్ మాత్రం పోలేదు, 2015లో తెలంగాణలో మళ్ళీ ప్రాణాలు తీసింది. అందుకే చెబుతున్నా, ఫ్లూ మనిషికి ఆయాసం మొదలైతే నేను మోసుకెళ్ళే సీసా ఫలితం కోసం ఆగకండి. మందు జబ్బు మొదలైన 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.