ఎవరికీ తెలియదు

"ఒకటి పోతే రెండోది అందుకుంటుందండీ. పోయిన సంగతే ఎవరికీ తెలియదు."

లంబసింగిలో ఒక రిసార్టు యజమానికి విశాఖ ఇంజనీరు ఇచ్చిన హామీ ఇది. అందులో అబద్ధమేమీ లేదు. బుకింగుల సర్వర్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టాడు. ఒకదానికి నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి వచ్చే ఫైబర్, రెండోదానికి చింతపల్లి వైపు నుంచి వేరే కంపెనీది. రెండు తీగలూ ఒకే స్తంభాల మీద వస్తే ఒక్క చెట్టుకొమ్మ చాలదూ? ఆ మాత్రం ఆలోచించాడు.

లైనక్స్‌లో రెండు కార్డుల్ని ఒకటిగా జతచేసే బాండింగ్ ఉంది గానీ, అది రెండూ ఒకే నెట్‌వర్క్‌లోకి వెళ్లేచోటికి. ఇక్కడ కంపెనీలు వేరు, చిరునామాలు వేరు. అందుకని రెండు దారులు రాసి, మొదటిదానికి చిన్న మెట్రిక్ ఇచ్చాడు. అంకె చిన్నదైతే ముందు ఆ దారినే పోతుంది. కార్డు మీద వెలిగే పచ్చదీపాన్నీ నమ్మలేదు. గదిలో ఉన్న పెట్టెదాకా తీగ బాగుందనే అది చెబుతుంది, కొండమీద తెగితే దానికేం తెలుసు? బయటి చిరునామాకు పది సెకన్లకోసారి పింగ్ కొట్టి, జవాబు రాకపోతే దారి మార్చే చిన్న ప్రోగ్రాం రాశాడు. మార్చిన సంగతి అది లాగ్‌లో రాసుకుంటుంది. మెసేజీ మాత్రం పంపదు. యజమానికి నిద్ర చెడకూడదు కదా.

డిసెంబరు ఆఖరు వారం. వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో రాత్రిళ్లు చలి సున్నా దరిదాపులకు దిగుతుంది; ఆ వణుకు కోసమే జనం డబ్బిచ్చి మరీ వస్తారు. చెరువులవేనం కొండకు బండ్ల బారు. ఆ రద్దీలో ఏదో లారీ చింతపల్లి దారిలో వేలాడే తీగను తెంపుకుపోయింది. నెట్టు ఆగింది. బుకింగులు తారుమారై, ఒకే గదికి రెండు కుటుంబాలు సామానుతో దిగాయి.

ఇంజనీరు రాత్రికి చేరాడు. పొద్దున్నే వేడినీళ్ల స్నానం చేసి, తువ్వాలు పెరట్లో ఆరేసి, లాగ్ తెరిచాడు. మొదటి దారి ఆగస్టులోనే పోయింది. అర నిమిషంలోపే రెండోది అందుకుంది. అప్పట్నుంచీ ఒంటి తీగ మీదే బండి నడుస్తోంది.

"రెండు బిల్లులూ నెలనెలా కడుతున్నాను కదయ్యా!" అన్నాడు యజమాని.

"నర్సీపట్నం లైను ఎక్కడ పోయిందో వెతకాలండీ."

టీ తెచ్చిన కుర్రాడు ఆగాడు. "మన పనసచెట్టు కొమ్మ పడి తెగింది సార్, వానల్లో. ఆవేళే అయ్యగారికి చెప్పాను. నెట్టు వస్తోంది కదరా, నీ పని చూసుకో అన్నారు."

యజమాని టీ మీద దృష్టి పెట్టాడు.

"మరి ఆ తెగిన తీగేం చేశావు తమ్ముడూ?"

"పెరట్లో కట్టాను సార్. మీ తువ్వాలు దాని మీదే ఉంది."