ఎర్రబొట్టు బెండకాయకి

వైశాలిలో కరెంటు ఊరకే రాదు. మెట్రో ఎక్కి కౌశాంబి దాటితే వచ్చే ఆనంద్ విహార్ ఢిల్లీ కింద లెక్క. అక్కడ 2019 ఆగస్టు నుంచి నెలకి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి బిల్లు సున్నా. రెండు స్టేషన్ల ఇవతల ఉన్న మేం ఉత్తరప్రదేశ్ వాళ్ళం. మొదటి యూనిట్ నుంచీ డబ్బు కట్టాల్సిందే. అందుకే మా పై ఫ్లాట్‌లో ఉండే తెలుగు అమ్మాయిలు ఎయిర్ ఫ్రయర్ కొందామనుకున్నప్పుడు, వంట సంగతి తర్వాత, ముందు మీటరు ఎంత తిరుగుతుందోనని బెంగపడ్డారు.

ముగ్గురు పిల్లలు. ఒకరిది విశాఖపట్నం, ఒకరిది నెల్లూరు, ఒకరిది కరీంనగర్. మొదటి ఇద్దరికీ నోయిడా సెక్టార్ 62లో ఉద్యోగాలు. మెట్రోలో పోవాలంటే ఢిల్లీ వైపు యమునా బ్యాంక్ దాకా వెళ్ళి, అక్కడ బండి మారి, మళ్ళీ ఇటువైపే రావాలి. కనుక షేర్ ఆటోలే దిక్కు. పొద్దున ఎనిమిదిన్నరకి పోతే రాత్రి ఎనిమిదికి గాని ఇంటి మొహం చూడరు. కరీంనగర్ అమ్మాయి ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తుంది. ఇంటిఖర్చు పైసాతో సహా నోటుబుక్కులో రాస్తుంది. ఆ పిల్లే లెక్క తేల్చింది. 1500 వాట్ల మిషను పావుగంట నడిస్తే, కాయిల్ మధ్యలో ఒక్క క్షణం కూడా ఆగలేదనుకున్నా, యూనిట్‌లో మూడో వంతు కంటె కాస్త ఎక్కువ. యూనిట్‌కి ఆరు రూపాయలు వేసినా పూటకూరకి రెండుంబావు. "గంతే ఆంటీ! ఆటోల ఒక్క స్టాపుకు అయ్యే పైసలు గుడ కాదు" అన్నది. జూన్ నెలలో మిషను వచ్చింది. నాలుగున్నర వేలు, ముగ్గురూ పంచుకున్నారు.

పైన కాయిల్, దానిమీద ఫ్యాను, కింద చిల్లుల బుట్ట, అంతే దాని నిర్మాణం. వేడిగాలి ముక్కల చుట్టూ సుడి తిరిగి, పై తేమని లాగేసి, పొర గట్టిపడేలా చేస్తుంది. 2010లో బర్లిన్ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ దీన్ని మొదట లోకానికి చూపించింది. మిషనుతో వచ్చిన పుస్తకం తిరగేశాను. ఫ్రెంచ్ ఫ్రైస్, నగ్గెట్లు, కేకు ఉన్నాయి. దొండకాయ వేపుడు లేదు, చామదుంప లేదు, కాకరకాయ కారం లేదు. మన ఆడపిల్లలకి కావలసినవి అవే. పప్పూ చారూ ఏ కుక్కర్లోనైనా అవుతాయి. నూనె తాగేదీ, పొయ్యి దగ్గర నిలబెట్టేదీ వేపుడే కదా.

ఆ పుస్తకంలో లేనిదంతా కనిపెట్టింది దీదీ.

ఇక్కడి అపార్టుమెంట్లలో వంటామెని దీదీ అంటారు. వయసుతో నిమిత్తం లేదు. ఈ దీదీకి పాతికేళ్ళు ఉంటాయేమో, విశాఖ అమ్మాయి కంటె చిన్నదే. బీహార్‌లో దర్భంగా వైపు ఊరు. భోవాపూర్‌లో ఒక్క గది అద్దెకి తీసుకుని ఉంటారు. తెల్లవారుతూనే అక్కణ్ణించి నడిచి వస్తుంది. రోజూ నాలుగిళ్ళ పని. మన వేపుళ్ళు ఆమెకి నేను నేర్పాను. మిషను వచ్చాక ఆమె నాకు నేర్పింది.

మొదటి రోజు అలవాటుగా కరివేపాకు, వెల్లుల్లికారం అన్నీ కలిపి బుట్టలో పోసింది. ఆకు గాలికి లేచి కాయిల్‌కి అంటుకుని మాడింది. కారం నల్లబడి చేదెక్కింది. మర్నాటి నుంచి వరస మార్చింది. బెండకాయలు కడిగి, తడి లేకుండా బట్టతో తుడిచి, ముక్కలకి ఒక్క చెంచా నూనె, ఉప్పు చేత్తోనే పట్టించి 180 డిగ్రీల దగ్గర పావుగంట. మధ్యలో ఒకసారి బుట్ట లాగి కుదపాలి. కారం, కొబ్బరిపొడి, విడిగా వేయించిన తాలింపు దించాకే కలపాలి. దొండకాయ నిలువుగా నాలుగు చీలికలు చేస్తే ఇరవై నిమిషాలు పడుతుంది. చామదుంపలు ముందు కుక్కర్లో ఉడికించి, తొక్క తీసి, బియ్యప్పిండి అద్దితే కరకరలాడతాయి. ఆలుగడ్డ ముక్కలు అరగంట నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. మరీ ఎర్రగా మాడ్చకూడదు, మాడితే అక్రిలమైడ్ అనే చెడు పదార్థం పెరుగుతుంది. అప్పడం మీద చిన్న స్టీలు జల్లెడ బోర్లించాలి, లేకపోతే ఎగురుతుంది. బజ్జీ జోలికి మాత్రం పోకూడదు, పిండి చిల్లుల్లోంచి జారిపోతుంది. దాని మీద ఆశ వదులుకోమని నెల్లూరు పిల్లకి నేనే చెప్పాను.

నూనె సంగతి నోటుబుక్కులో స్పష్టంగా ఉంది. అంతకుముందు ఐదు లీటర్ల డబ్బా నెల తిరిగేసరికి అడుగంటేది. ఇప్పుడు రెండు లీటర్లతో సరిపోతోంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన సూచనల ప్రకారం, రోజుకి 2000 కేలరీలు తినే మనిషి పళ్ళెంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలు. ఐదు లీటర్ల లెక్కన పిల్లలు ఒక్కొక్కరూ దాదాపు రెట్టింపు తినేవారు, ఆఫీసు క్యాంటీన్ సమోసాలు కాక. పైగా వేయించగా మిగిలిన నూనె గిన్నెలో దాచి మళ్ళీ మళ్ళీ కాచే అవసరం పోయింది.

అయితే నూనె తగ్గినంత మాత్రాన ఒంటికి రక్తం పట్టదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ వయసు పిల్లలు మిషను కొనగానే ఆరోగ్యం కొన్నాం అనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. విశాఖ అమ్మాయికి ఆఫీసు వైద్య పరీక్షలో అదే తేలింది. అప్పుడు వేరుశనగలు 160 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేయించి బెల్లంతో డబ్బాలో పోసిపెట్టడం, ఉడికించిన శనగలు కరకరలాడేలా చేసి నిమ్మకాయ పిండడం మొదలైంది. నిమ్మరసం పడితే గింజల్లోని ఇనుము ఒంటికి బాగా అందుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందదు. టీ మాన్పించడం నా వల్ల కాలేదు, దీదీ మాన్పించింది. తిన్నాక గంట దాకా పాలపాకెట్టు పైకి తియ్యనిచ్చేది కాదు.

నేను మనసారా నమ్మిన సంగతి ఇంకొకటుంది. ఈ మిషను వల్ల ఆరోగ్యం తినేవాళ్ళకి అంటారు అందరూ. అంతకంటె ముందు అది పొయ్యి దగ్గర నిలబడే మనిషికి. మా ఫ్లాట్ల వంటిళ్ళకి ఉన్నది చిన్న వెంటిలేటరు. జూన్‌లో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల సలసల కాగే మూకుడు ముందు నిలబడడం ఎలా ఉంటుందో నిలబడ్డవాళ్ళకే తెలుసు. నవంబరులో ఆనంద్ విహార్ గాలి సంగతి దేశమంతా వార్తల్లో వింటుంది. ఆ గాలికి జడిసి కిటికీలు మూస్తే, వేపుడు పొగ ఇంట్లోనే తిరుగుతుంది. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు లేచే పొగ మనుషుల్లో క్యాన్సర్‌కి కారణమయ్యే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో అచ్చువేసిన సంపుటంలో వర్గీకరించింది. తినేవాళ్ళు రోజుకి రెండుసార్లు పళ్ళెం ముందు కూర్చుంటారు. దీదీ రోజుకి నాలుగిళ్ళ పొగ పీలుస్తుంది.

ఒక ఇంట్లోనైనా ఆ పొగ ఆగింది. "దీని ముందు నిలబడక్కర్లేదు ఆంటీజీ, అయిపోతే గంట కొట్టి అదే పిలుస్తుంది" అని ఆమె సంబరంగా చెప్పడం నాకింకా చెవిలో ఉంది. కూర అవుతుండగానే చపాతీలు చేసేసుకునేది. ఆ ఇంట్లో మిగిలిన అరగంటలో కూతుర్ని సర్కారు బడిలో దించి మూడో ఇంటికి పోయేది. ముందు ఆ పిల్ల పక్కగది ముసలావిడ వెంట ఒక రోజు వెళ్తే ఇంకో రోజు ఎగ్గొట్టేదట. దగ్గు కూడా తగ్గిందని అన్నది. ఆడపిల్లలకి తీరిక లేదు కాబట్టే ఈ మిషను అని అంటాం కదా, ఆ మెట్ల మీద ఎక్కి దిగేవాళ్ళందరిలో తీరిక లేని ఆడపిల్ల ఆమే.

ఛఠ్ పండక్కి ఊరెళ్ళాల్సి వచ్చింది. అప్పటిదాకా ఆ మిషను తిప్పడం పిల్లలకి రాదు. ఒకసారి తిప్పబోయి వంకాయలు బొగ్గులు చేశారు. తను లేని నాలుగు రోజులూ మళ్ళీ ఫోన్లో బిర్యానీలు తెప్పించుకుంటారని దీదీకి దిగులు. వెళ్ళే ముందురోజు సాయంత్రం ప్రత్యేకంగా వచ్చి, కొంగు ముడిలోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది. వేడి తిప్పే మర మీద ఒకటి, సమయం తిప్పే మర మీద అదే రంగుది ఒకటి అంటించింది. ఎర్రబొట్టు బెండకాయకి. ఆకుపచ్చ దొండకాయకి. పసుపుది చామదుంపకి. నల్లది వేరుశనగలకి. మెరూన్ రంగుది పనీరుకి, అది విశాఖ పిల్ల కోసం. ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేతా తిప్పించింది. కుదపాల్సిన వేళ గుర్తుండడానికి మధ్యలో చిన్న తెల్లబొట్టు పెట్టింది. ఏ కాయ ఎంత మందం కొయ్యాలో తన వేలు పక్కన పెట్టి చూపించింది. ఇంత శ్రద్ధగా పాఠం చెప్పినవాళ్ళని నేను బళ్ళో కూడా ఎక్కువమందిని చూడలేదు. పండక్కి వెళ్ళి, చెప్పిన రోజుకే తిరిగొచ్చింది. పిల్లలకి ఠేకువా, నాకు ఒక చెరకుగడ తెచ్చింది.

నెలాఖరు ఆదివారం కరీంనగర్ అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికి దిగింది. మొహం వెలిగిపోతోంది. మిషను ఖరీదు ఇక ఒక్క నెలలో వెనక్కి వచ్చేస్తుందట. పేజీ అడుగున ఎర్ర సిరాతో గీత గీసి, 'వచ్చే నెల నుంచి మిగులు: 5,150' అని రాసుంది. నాకు నమ్మశక్యం కాక పైనుంచి చదివాను. నూనెలో 450. బయటి తిండిలో 1,200. గ్యాసులో 200. కరెంటు అదనంగా 200, అది తీసివేత. నోటితో కూడితే 1,650 వచ్చింది. "తప్పు కూడావేమో తల్లీ" అన్నాను.

"లేదాంటీ, ఇంకో లైను వెనకపేజీల ఉంది చూడుండ్రి" అని పేజీ తిప్పింది. గుండ్రటి, పొందికైన అక్షరాలు. 'దీదీ జీతం: 3,500.'

నేను తలెత్తి చూశాను. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది.

"ఇగ దీదీ ఎందుకాంటీ? బొట్టుబిళ్ళలు ఉన్నయి గదా."