మూడు రాష్ట్రాల ముచ్చట్లు, ఒక్క ఫోను

మాది బాగ్‌బేరా. టాటానగర్ స్టేషనుకి కూతవేటు దూరం. రైల్వేలోనో, టాటా కంపెనీలోనో పని దొరికి మా పెద్దవాళ్లు శ్రీకాకుళం, విజయనగరాల నుంచి ఇటొచ్చి పాతుకుపోయారు. వాళ్లకి వార్తంటే పోస్టుకార్డే. అందరూ క్షేమమైతే కార్డు, కాకపోతే టెలిగ్రాము. అంతకుమించి లోకంలో ఏం జరిగినా వాళ్ల కంచంలో అన్నం చల్లారేది కాదు.

మా తరానికి ఆ భాగ్యం లేదు. అసలు ప్రవాసాంధ్రుడికి వార్తల పోటు మూడింతలు. నేను కుర్చీలోంచి కదలకుండానే 2000 నవంబరు 15న బీహారువాణ్ణి కాస్తా జార్ఖండ్‌వాణ్ణయ్యాను. 2014 జూన్ 2న పుట్టింటి రాష్ట్రమూ రెండైంది. రేషన్ కార్డు రాంచీ సర్కారుది, గట్టు తగాదా శ్రీకాకుళంలో, పిల్లలు హైదరాబాదులో. దాంతో మూడు అసెంబ్లీల అరుపులూ నా ఒక్క ఫోన్లోకే. నేనెవరో తేల్చుకోలేక యూట్యూబు పొద్దున హిందీలో భయపెడుతుంది, సాయంత్రం తెలుగులో.

మొన్నొకటి వచ్చింది. ‘టాటానగర్ ప్రయాణికులకు బిగ్ షాక్!’ ఇంజను చుట్టూ ఎర్ర సున్నా, దానివైపు పచ్చ బాణం. సున్నాలో ఇంజను తప్ప ఏమీ లేదు. పక్కనే నోరు తెరుచుకుని ఓ సినిమా హీరోయిను, ఆవిడకీ రైలుకీ సంబంధమేమిటో దేవుడికెరుక. నొక్కాను. ముందు సబ్‌స్క్రైబ్ చేసుకుని గంట కొట్టమన్నాడు. గుళ్లో గంట కొడితే తీర్థమైనా పోస్తారు. సాగదీసి సాగదీసి చివరికి చెప్పిందేమిటంటే, ఏదో రైలు బయల్దేరే వేళ ఐదు నిమిషాలు మారిందట. ఐదు నిమిషాలకి షాక్ తినే ప్రయాణికుడు మన దేశంలో ఇంకా పుట్టలేదు.

ఇక వాట్సాప్ అంటే మా బాబాయే. 2016లో రెండువేల నోటులో చిప్ ఉందనీ, భూమిలో పాతినా పట్టేస్తుందనీ మాకు చెప్పింది ఆయనే. 2023లో ఆ నోటుని వెనక్కి తీసుకున్నారు. చిప్పేమైంది బాబాయ్ అంటే మాత్రం విసుక్కుంటాడు.

ఊరు టాటాలది కాబట్టి మా దగ్గర సూక్తులన్నీ రతన్ టాటా పేరుతోనే తిరుగుతాయి. వివేకానందుడూ కలామూ ఆ తర్వాతే. 2020 ఏప్రిల్‌లో, కరోనా దెబ్బకి కుదేలైన ఆర్థిక వ్యవస్థ గురించి తన పేరుతో తిరుగుతున్న పోస్టు తాను అన్నదీ కాదు, రాసిందీ కాదని పాపం ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి బాబాయ్‌కి చూపించాను.

"ఆయన అనకపోతే ఏటిరా? అనదగ్గ మాటే కదా!" అన్నాడు.

"నిజమో కాదో చూసుకోవద్దా?"

"నిజం కాకపోతే ఇంతమంది ఎందుకు పంపుతారు?"

ఇంకో ఊళ్లో అయితే ఇక్కడ హాయిగా నవ్వేసి ఊరుకోవచ్చు. 2017 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని మా చుట్టుపక్కల ఫోన్లన్నిట్లో పుకారు పాకింది. 18న మా ఠాణా పరిధిలోని నాగాడీహ్‌లో ఏ పాపం ఎరగని మనుషుల్ని జనం కొట్టి చంపారు. ఆ పుకారుని ముందుకి తోసినవాళ్లంతా నలుగురి మేలు కోరే పంపి ఉంటారు, మా బాబాయ్ లాగే. దేశంలో ఇలాంటి చావులు మరికొన్ని జరిగాక, 2018లో వాట్సాప్ ఒక్క విడతకి ఐదు చోట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. బాబాయ్ దానికీ దారి కనిపెట్టాడు. ఐదేసి చొప్పున వాయిదాల్లో పంపుతాడు.

నేను మాత్రం విసిగిపోయి నోటిఫికేషన్లన్నీ ఆపేశాను. ఎండాకాలంలో మాకు కావలసిన వార్త నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న ఒక్కటే. అది ఇన్నేళ్లలో ఏ ఛానలూ చెప్పలేదు. వీధి చివర ఎవరో "పానీ ఆ గయా!" అని అరుస్తారు. అది విన్నాక "ఏమండీ, ఇంకా కూర్చున్నారేం!" అని వంటింట్లోంచి రెండో బులెటిన్ వస్తుంది.

నిన్న బకెట్లతో పరుగెత్తేసరికి బాబాయ్ అప్పటికే వరసలో నిలబడి, బిందె కింద పెట్టి ఫోను పైకెత్తి ఉన్నాడు.

"బకెట్టు పక్కకి లాగరా, అడ్డొస్తోంది. స్టేటస్ పెడుతున్నాను."

తొంగి చూశాను. ‘బాగ్‌బేరాలో జలప్రళయం’ అని టైపు చేస్తున్నాడు.