నడుస్తోందిగా బావగారు

‘నడుస్తోందిగా’ మనిషి ఒక్కడైనా లేని తెలుగు కుటుంబం ఉండదు. తెనాలిలో ఉంటే ఆయనకో పాత బజాజ్ స్కూటరుంటుంది. పక్కకి వంచి నాలుగు తన్నులు తంతేగానీ కదలదు, అయినా అమ్మడు. అదే మనిషి అమెరికా వెళ్ళి మిషిగన్‌లో స్థిరపడితే స్కూటరు పోయి బేస్‌మెంటులో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు వస్తుంది. మా బావగారిని రెండు అవతారాల్లోనూ చూశాను కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

అక్కడ నోవైలో ఆయన ఇల్లు 2001లో కట్టింది. ఫర్నేసూ ఇంటితోపాటే వచ్చింది. గ్యాసు ఫర్నేసుకి పదిహేను, మహా అయితే ఇరవై ఏళ్ళు ఆయుష్షంటారు. ఆ సంగతి ఎత్తితే, “మా నాన్నగారికీ డాక్టరు ఇలాగే గడువు పెట్టాడోయ్. ఆ డాక్టరే ముందు పోయాడు” అంటారు.

మొదటి చలి తగలగానే అది మొరాయిస్తుంది. బర్నర్లు భగ్గున అంటుకుంటాయి, నాలుగైదు సెకన్లలో ఆరిపోతాయి, మళ్ళీ అంటుకుంటాయి, మళ్ళీ ఆరిపోతాయి. కాసేపటికి అదే విసిగి ఊరుకుంటుంది. అప్పుడు చూడాలి బావగారి మొహంలో వెలుగు! మంకీ క్యాపు మీద టార్చిలైటు బిగించుకుని కిందకి దిగుతారు. ఫర్నేసు తలుపుకున్న బుల్లి అద్దంలోంచి దీపం ఎన్నిసార్లు మిణుకుమంటోందో లెక్కపెడతారు. ఆ లెక్కని బట్టే జబ్బేమిటో తెలుస్తుంది. పట్టిక తలుపు లోపలివైపు అంటించే ఉంటుంది గానీ ఆయనకి కంఠతా. “ఫ్లేమ్ సెన్సరు” అని తేల్చేస్తారు. అదొక వేలెడు లోహపు పుల్ల. మంట అంటుకుందో లేదో చెప్పడమే దాని ఉద్యోగం. పైన పొర పట్టిందంటే మంట ఎదురుగా ఉన్నా లేదంటుంది, గ్యాసు ఆగిపోతుంది. బావగారు కరెంటు కట్టేసి, ఒక్క స్క్రూ విప్పి, పుల్లని బయటికి లాగి, సన్నటి స్టీలు పీచుతో మెత్తగా రుద్ది, మళ్ళీ బిగించి స్విచ్చి వేస్తారు. ఫర్నేసు గుర్రుమంటుంది.

“చూశావా? వాణ్ణి పిలిస్తే ఈ ముక్కకి రెండొందలు గుంజేవాడు” అని ఒక్క క్షణం ఆగి, “ఎన్ని వేల రూపాయలో లెక్కేసుకో!” అంటారు. అమెరికా వెళ్ళి పాతికేళ్ళు దాటినా రూపాయిల్లోకి మారకుండా ఆయన చేతిలోంచి డాలరు కదలదు.

నిజం చెప్పొద్దూ, కంపెనీ మనిషి కూడా ఆ పని అంత శుభ్రంగా చేయడు.

ఫర్నేసుల వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. ఫర్నేసు వయసుని రిపేరు ఖర్చుతో గుణిస్తే 5,000 డాలర్లు దాటిందా, మార్చెయ్యాలి. దాటలేదా, బాగుచేయించుకోవాలి. ఒక ఏడు రిపేరు 200 అన్నారు. బావగారు 23 × 200 = 4,600 అని కాగితం మీద వేసి ఫ్రిజ్‌కి అంటించారు. మరుసటి ఏడు పొగని బయటికి తోసే ఇన్‌డ్యూసర్ మోటారు కాలిపోయి 700 అన్నారు. కాగితం మాయమైంది. “ఆ లెక్క ఫర్నేసులమ్ముకునేవాళ్ళు పుట్టించింది” అన్నారు. తీరా అదే మోటారు ఆన్‌లైన్లో 180కి దొరికితే తెప్పించి తనే బిగించుకున్నారు. 24 × 180 = 4,320. కాగితం మళ్ళీ ఫ్రిజ్ ఎక్కింది.

కొత్తదాని ధర అడగరా అంటే, అడుగుతారు. అడగడమంటే మహా సరదా. ట్యాబ్లెట్లు పట్టుకొచ్చిన సేల్స్‌మన్‌లకి అక్క చేత కాఫీలిప్పించి, వాళ్ళ చేతే కొత్తదాని గుట్టంతా చెప్పించుకుని, గుమ్మం దాకా సాగనంపుతారు. తరవాత నన్ను కూచోబెడతారు. “పాతదాని సామర్థ్యం 80 శాతం, కొత్తదానిది 96. అంటే గ్యాసు ఆరో వంతు తగ్గుతుంది. ఏడాదికి 900 అయ్యేచోట మిగిలేది 150. ఆరు వేలు పెడితే నలభై ఏళ్ళకి గిట్టుబాటు. అప్పటికి నాకు తొంభై ఎనిమిది!” పైగా పాత రేకు పొగగొట్టం దానికి పనికిరాదు, గోడకి కన్నం పెట్టి ప్లాస్టిక్ గొట్టాలు వేయాలి. 97 శాతం రకానికి 600 డాలర్ల దాకా పన్ను రాయితీ 2025 చివరిదాకా ఉండేది. “ఆరొందలు చూపించి ఆరు వేలు లాగడం” అని దాన్నీ పోనిచ్చారు. ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఈ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. మా ఇంట్లో ఫర్నేసు వయసు మాత్రం నన్నడక్కండి.

ఆయన పొదుపు ఫర్నేసుతోనే ఆగదు. 2019 జనవరి 30న మిషిగన్ గడ్డకట్టుకుపోతుంటే, అర్మాడా దగ్గర గ్యాసు కంప్రెసర్ స్టేషనులో మంటలు లేచాయి. సరఫరాకి ఇబ్బంది వచ్చింది, థర్మోస్టాట్ 65కి గానీ అంతకంటే కిందకి గానీ తగ్గించండని గవర్నర్ గ్రెచెన్ విట్‌మర్ జనాన్ని కోరారు. రాత్రిపూట ఫోన్లన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. 65 ఫారెన్‌హీట్ అంటే మన 18 డిగ్రీలు. మా అక్కకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఆ ఇంట్లో 65 కావాలంటే పెంచాలి. “ఏవండీ, గవర్నరంతటావిడ చెప్పింది!” అంది. “అంతకంటే కిందకి కూడా అందిగా” అని బావగారు 62 దగ్గరే ఉండిపోయారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన నోట ‘నడుస్తోందిగా’ రాదు. లోపలి హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. అందుకే అంతస్తుకో అలారం పెట్టారు. ఆదివారం పొద్దున్నే అన్నిటినీ కూయించి, అక్కని మంచం మీంచి ఎగిరిపడేలా చేస్తారు. ఏటా అక్టోబరులో మాత్రం బేరమాడకుండా డబ్బిచ్చి, ఆ భాగాన్ని కెమెరాతో చూపించుకుంటారు. “పగులు కనబడ్డ రోజున దీనికి నీళ్ళొదిలేస్తానోయ్” అంటారు. అనడమే కాదు, చేస్తారు కూడా.

మొన్న అక్టోబరులోనూ పగులు కనబడలేదు. కాబట్టి ఈ ఏటికీ సర్వీసింగే. డిసెంబరులో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేవాళ్ళకి మనవి: గోంగూర పచ్చడి అమోఘంగా ఉంటుంది, ఊలు సాక్సు మరిచిపోకండి.