నామినేటెడ్ సరస్వతి

మన విశ్వవిద్యాలయాలకు స్వయంప్రతిపత్తి ఉంది. ఈ మాట స్నాతకోత్సవ ప్రసంగాల్లో వినిపిస్తుంది. నాణ్యత తనిఖీకి న్యాక్ బృందం వచ్చిన వారం గోడకు కట్టే ఫ్లెక్సీలోనూ కనిపిస్తుంది. స్వయంప్రతిపత్తి అంటే ఎవరి నిర్ణయాలు వాళ్లు తీసుకోవడం. విశ్వవిద్యాలయం తరఫున నిర్ణయాలు తీసుకునేది పాలక మండలి. పాలక మండలిలో ఎవరు కూర్చోవాలో తేల్చేది ప్రభుత్వం. కాబట్టి ప్రభుత్వం చెప్పిన పనిని తన సొంత ఇష్టంతో చేసే స్వేచ్ఛ విశ్వవిద్యాలయానికి నూటికి నూరుపాళ్లు ఉంది. ఇంతకంటే ఎక్కువ స్వేచ్ఛ అడిగేవాళ్లు ఉంటే వాళ్లది ఉత్త అత్యాశ.

ఈ ఏర్పాటు గొప్పతనం ఆలూరు నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. కర్నూలు జిల్లాకు పడమటి కొసన ఉన్న ఊరిది. 1953 దాకా ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఇటు కలిసింది. బళ్లారి దగ్గర, కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. ఇక్కడి డిగ్రీ పిల్లలు ఏ సబ్జెక్టు చదవాలి, పరీక్ష ఎప్పుడు రాయాలి, ఫీజు ఎంత కట్టాలి అన్నది ఒకప్పుడు అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం చెప్పేది. 2008 నుంచి కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం చెబుతోంది. పట్టా మీద ముద్ర మారింది. పట్టా పుచ్చుకునేవాడిని ఒక మాట అడిగే ఆనవాయితీ మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మండలిలో ఎవరుంటారో చూద్దాం. దీనికి ఆధారం 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం. అధ్యక్షుడు ఉపకులపతి. ఆయన పక్కన రెక్టార్. తర్వాత ఉన్నత విద్యాశాఖ, ఆర్థికశాఖ కార్యదర్శుల వంటి పెద్ద అధికారులు హోదా రీత్యా సభ్యులు. ఆ తర్వాత ప్రొఫెసర్లు, ప్రిన్సిపాళ్లు, అధ్యాపకుల తరఫున కొందరు. వీళ్లను ప్రొఫెసర్లూ ప్రిన్సిపాళ్లూ ఎన్నుకోరు, ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. చివరగా వివిధ రంగాల ప్రముఖులు. వీళ్లనూ ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. బడ్జెట్ ఆమోదించడం, పోస్టులు సృష్టించడం, అధ్యాపకులను నియమించడం, కాలేజీలకు అనుబంధ గుర్తింపు ఇవ్వడం ఈ సభ చేతిలో పని. ఇంత పెద్ద పనికి ఇంత జాగ్రత్తగా మనుషులను ఏరిన చట్టం విద్యార్థికి ఒక్క కుర్చీ వేయడం మరిచిపోయింది. బహుశా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు కూడా ఉంటారని ముసాయిదా రాసినవాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ప్రముఖుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన రాష్ట్రంలో ప్రముఖుడు కావడానికి ఏళ్ల తరబడి కష్టపడనక్కరలేదు. జీవో వెలువడిన సాయంత్రానికల్లా మనిషి ప్రముఖుడైపోతాడు. మర్నాడు బస్టాండు కూడలిలో ఫ్లెక్సీ లేస్తుంది. పైన నాయకుల ఫొటోలు, మధ్యలో దండం పెడుతున్న సభ్యుడు, కింద శుభాకాంక్షలు చెప్పే అభిమానుల వరస. విశ్వవిద్యాలయం పేరు ఎక్కడో మూలన, అదీ అచ్చుతప్పుతో. చట్టం కోరే రంగాలకు సభ్యులు తమ అర్థం తాము చెప్పుకుంటారు. పరిశ్రమ అంటే కంకర మిల్లు. వాణిజ్యం అంటే కాంట్రాక్టు. సమాజసేవ అంటే పార్టీకి చేసిన సేవ. విద్యారంగం అంటే సొంతంగా నాలుగు ప్రైవేటు కాలేజీలు. ఆ నాలుగు కాలేజీల గుర్తింపు ఫైలు మండలి ముందుకు వచ్చినప్పుడు ఆయన మొహమాటపడి బయటికి వెళతాడని మీరు అనుకుంటే, మీకు ఇంకా లోకజ్ఞానం రాలేదు.

అలాగని మండలిలో మంచివాళ్లు ఉండరని కాదు. చదువంటే ప్రాణం పెట్టే ఆచార్యులు, ముక్కుసూటి న్యాయవాదులు అప్పుడప్పుడూ వస్తుంటారు. అసమ్మతి తెలిపానని మినిట్స్‌లో రాయించుకుంటారు. తర్వాతి జీవోలో వాళ్ల పేరు వెతికినా దొరకదు.

ఇక సమావేశం. విశ్వవిద్యాలయం సీమది అయినా కార్యదర్శులకు తీరిక ఉండేది రాజధానిలో. అందుకని అవసరమైతే ఉపకులపతి, రిజిస్ట్రార్, ఫైళ్లు కలిసి రాజధానికే వెళ్లి వస్తారు. అజెండా ఏ విశ్వవిద్యాలయానిదైనా ఒకే తీరు. మొదటి అంశం, గత సమావేశపు మినిట్స్‌కు ఆమోదం. రెండోది, ఉపకులపతి ఇప్పటికే చేసేసిన పనులకు ఆమోదం. మూడోది, ప్రభుత్వం ఇప్పటికే ఇచ్చేసిన ఉత్తర్వును స్వీకరించడం. నాలుగోది, అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు. ఐదోది భోజనం. అసలు చర్చ జరిగేది ఐదో అంశం మీదే, అదీ ఏకాభిప్రాయం కుదిరే దాకా.

అజెండాకు ఎక్కని అంశాలు ఆలూరులో కావలసినన్ని ఉన్నాయి. సంక్రాంతి దాటితే ఈ పడమటి పల్లెలు సుగ్గికి పోతాయి. ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోవడమే సుగ్గి. వానలు మోసం చేసిన ఏడాది ఊళ్లో ముసలివాళ్లే మిగులుతారు. డిగ్రీ చదివే పిల్ల కూడా అమ్మానాన్నలతో బండెక్కుతుంది, ఎందుకంటే ఇంకో రెండు చేతులు కోస్తేనే అప్పు తీరుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే మాత్రం 75 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. వేలిముద్ర పడాల్సింది కాలేజీ యంత్రం మీద, వేళ్లున్నది మిరపచేలో. “మా పాప పరీచ్చలు సుగ్గి అయినాక పెట్టండి సామీ” అని తండ్రి ఒకడు మండలి ముందు నిలబడి అడిగితే ఏమవుతుంది? ముందు ఆయనను లోపలికి రానిచ్చింది ఎవరని భద్రతా సిబ్బందికి మెమో వెళుతుంది.

2021లో డిగ్రీ చదువులన్నీ ఇంగ్లిషు మీడియంలోనే అన్నారు. ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడి, ఇంటరు దాకా తెలుగులో చదివిన ఆలూరు పిల్లోడికి రాజనీతిశాస్త్రం రాత్రికి రాత్రే పరాయి భాషైపోయింది. 2023లో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకే మేజర్ సబ్జెక్టు వచ్చింది. పట్నంలో పది మేజర్లలో ఒకటి ఏరుకున్నారు. పల్లె కాలేజీలో ఏ పంతులుంటే ఆ మేజరే విద్యార్థి అభిరుచి అయింది. ఈ నిర్ణయాలు రాష్ట్ర స్థాయిలో జరిగాయి, విశ్వవిద్యాలయాలు అమలు చేశాయి. నడుమ పాలక మండళ్లు అనేవి ఉన్నాయన్న సంగతి ఆ కాలపు పత్రికలు తిరగేసినా అంత సులువుగా తెలియదు. అదే 2023లో రాష్ట్రమంతటా విశ్వవిద్యాలయాల్లో మూడు వేలకు పైగా అధ్యాపక పోస్టులకు ప్రకటనలు వచ్చి కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి. తరగతి గదిలో పంతులు లేడు. మండలిలో కుర్చీ మాత్రం ఖాళీగా ఉండదు, ఉంటే ఆశావహులు ఊరుకోరు.

మొదటి నుంచీ ఇంతేనా అంటే కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దాని కేంద్రం ఎక్కడ ఉండాలన్న దాని మీద సెనేట్‌లో, బయటా పెద్ద తగవు నడిచింది. ఆ తగవులో మనసు విరిగి దత్త మండలాలు (ఇప్పటి రాయలసీమ) మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే పోయాయి. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్నారు. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది, నలభై నాలుగేళ్లకు. ఆ తగవుల్లో స్వార్థాలు లేవని కాదు. కానీ అప్పటి సెనేట్‌లో పట్టభద్రులు ఓటు వేసి పంపిన మనుషులుండేవారు. అరిచేవాళ్లు, అలిగేవాళ్లు, ఊరి తరఫున నిలదీసేవాళ్లు ఉండేవారు. 1991 చట్టంలో ఆ గొడవంతా లేదు. ఎన్నిక పోయింది, దాంతో ప్రశ్న పోయింది, ప్రశాంతత వచ్చింది.

అంతకు ముందే ఇంకో ముచ్చట జరిగింది. 1986లో రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత విద్యకు ఒక కమిషనరేట్ పెడుతూ చట్టం చేసింది. ఉస్మానియా అధ్యాపకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ చట్టం చెల్లదని 1987లో కోర్టు కొట్టేసింది. దాని చోట 1988లో ఉన్నత విద్యామండలి వచ్చింది. కమిషనరేట్ అంటే పెత్తనం, మండలి అంటే సమన్వయం. ఈ తేడా తెలియనివాళ్లు ఆ సమన్వయం కింద ఒక ఏడాది పనిచేసి చూడాలి.

ఉపకులపతుల రాజీనామాల్లోనూ మనం చాలా ప్రగతి సాధించాం. చిత్తూరు జిల్లా కట్టమంచిలో పుట్టిన సి.ఆర్. రెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి. సత్యాగ్రహుల మీద బ్రిటిష్ ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా 1930లో ఆ పదవి వదిలేశారు. ఆయన రాజీనామా ప్రభుత్వాన్ని ఎదిరించి చేసింది. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే ఉపకులపతులు ఒకరి వెంట ఒకరు రాజీనామాలు ఇచ్చారు. బలవంతంగా చేయించారని ఒక పక్షం, వాళ్లంతట వాళ్లే చేశారని ఇంకో పక్షం. ఎవరి మాట నిజమైనా పాఠం ఒకటే. మూడేళ్ల పదవి చట్టంలో రాసి ఉంటుంది, దాని ఆయుష్షు ఎన్నికల ఫలితాల్లో ఉంటుంది. అధ్యక్షుడి గతే ఇదైతే సభ్యుల గురించి చెప్పేదేముంది? తెలంగాణ ఇంకో అడుగు ముందుకేసింది. 2019 నుంచి 2021 మే దాకా అక్కడి చాలా విశ్వవిద్యాలయాలను ఉపకులపతులు లేకుండా ఇన్‌చార్జి ఐఏఎస్ అధికారులతోనే నడిపించింది. 2023లో డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్ ఎవరన్న దాని మీద ఉపకులపతి ఒకవైపు, పాలక మండలి ఒకవైపు నిలబడి పోట్లాడుకున్నారు. మండలి గట్టిగా మాట్లాడిన ఆ అరుదైన సందర్భంలోనూ వినిపించింది కుర్చీ గొడవే, చదువు గొడవ కాదు.

“ఎన్నికలు పెడితే విశ్వవిద్యాలయంలోకి రాజకీయాలు వస్తాయి” అన్నది నామినేషన్ భక్తుల ప్రధాన వాదం. ఎంత ముందుచూపు! రాజకీయాలు రాకుండా ఉండాలని రాజకీయ నాయకుల సిఫార్సు లేఖలతోనే సభ్యులను వేస్తున్నారు. ఆలూరు నియోజకవర్గంలోని దేవరగట్టు మీద దసరా రాత్రి బన్ని ఉత్సవంలో కర్రలు పట్టుకుని దిగే ఊళ్లకు కూడా ఏ ఊరు ఎవరి పక్షాన నిలబడాలో ముందే తెలుసు. తమ తరఫున దిగినవాడు తమ ఊరివాడే అయి ఉంటాడు. విశ్వవిద్యాలయ పాలక మండలిలో ఆ మాత్రం స్పష్టత కూడా లేదు.

పట్టభద్రులకు ఓటు వేసే తెలివి లేదంటారా? కర్నూలు, కడప, అనంతపురం పట్టభద్రులు 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ నియోజకవర్గం నుంచి శాసనమండలికి తమ ప్రతినిధిని ఎన్నుకున్నారు. రాష్ట్రానికి చట్టాలు చేసే సభకు మనిషిని పంపే తెలివి ఉన్నవాడికి, తనకు పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయానికి పంపే తెలివి లేకుండా పోయింది! సరిహద్దు దాటి బళ్లారి పోయినా ఊరట లేదు, అక్కడి విశ్వవిద్యాలయపు సిండికేట్‌లోనూ ప్రభుత్వ నామినీలు కూర్చుంటారు. సముద్రాలు దాటి స్కాట్లండ్ పోతే ఎడింబరో విశ్వవిద్యాలయంలో రెక్టార్ అనే పెద్దమనిషిని విద్యార్థులు, సిబ్బంది ఓటుతో ఎన్నుకుంటారు. అక్కడి పాలక సభకు అధ్యక్షత వహించేది ఆయనే. 1972లో అలా గెలిచిన గోర్డన్ బ్రౌన్ అప్పటికి విద్యార్థి, ఆ తర్వాత బ్రిటన్ ప్రధానమంత్రి. విశ్వవిద్యాలయం కూలిపోలేదు. మన చట్టంలోనూ రెక్టార్ ఉన్నాడు, నియామకపు ఉత్తర్వుతో సహా.

కోరికల చిట్టా పెద్దదేమీ కాదు. మండలిలో కొన్ని కుర్చీలైనా పట్టభద్రులు, అధ్యాపకులు, విద్యార్థులు ఓటు వేసి నింపాలి. ప్రైవేటు కాలేజీ యజమాని తన కాలేజీ ఫైలు వచ్చినప్పుడు లేచి బయటికి పోవాలి. సమావేశాలు విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో జరగాలి, ఏడాదికి ఒకటైనా ఆలూరు, ఆదోని వంటి చోట జరగాలి. పరీక్షల తేదీలు వేసేటప్పుడు సుగ్గి నెలలు చూసుకోవాలి. వీటిలో మొదటిదానికి చట్టం మార్చాలి. మిగతావాటికి సిగ్గుంటే చాలు.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన మండళ్లలో ఎవరున్నారో, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చో లేదో, మినిట్స్ చూడవచ్చో లేదో తానే ప్రకటించాలి. ప్రకటించకపోతే పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. పోయిన మూడేళ్లలో పాలక మండలి ఎన్నిసార్లు, ఏ ఊళ్లో కూర్చుంది, ఎవరెవరు వచ్చారు, ఎంత ఖర్చైంది, విద్యార్థుల గురించి ఏం తీర్మానించింది అని తెలుగులోనే అడగండి. ముప్పై రోజుల్లో జవాబు చెప్పడం వాళ్ల విధి. ఆలూరు కాలేజీ నుంచి వందమంది పిల్లలు వంద దరఖాస్తులు పెడితే, ఆ మండలి తన తర్వాతి అజెండాలో మొట్టమొదటిసారిగా విద్యార్థి అనే మాట రాయక తప్పదు.