కుటుంబ సమేతంగా అనుమతి లేదు

పెళ్లి శుభలేఖలో మనం ఎవర్నీ ఒంటరిగా పిలవం. 'సకుటుంబ సపరివార సమేతంగా' అని అచ్చు వేయించకపోతే చుట్టాలు అలుగుతారు. అదే దానధర్మాలకు దిగామా, లెక్క మారిపోతుంది. మనిషికో పొట్లం, మనిషికో దుప్పటి, మగవాళ్లకో షెడ్డు, ఆడవాళ్లకో షెడ్డు. అద్దె కట్టలేక సామాను గోనెసంచుల్లో కుక్కుకుని రోడ్డున పడ్డ మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ మన దాతలకు అయిదు కడుపులుగా కనిపిస్తారు గానీ ఒక ఇల్లుగా కనిపించరు.

కాగితం మీద ఈ లోపం లేదు. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక ఆశ్రయం ఉండాలని, అది ఏడాది పొడుగునా రాత్రింబవళ్లు తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ 2013లో కొలతలు సైతం రాసిపెట్టింది: మనిషికి 50 చదరపు అడుగులు, కుటుంబాలకు వేరే వసతి. అంతకుముందే 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది ఫుట్‌పాత్‌ల వెంట తిరిగి ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది అని తేల్చారు. వాళ్లవి దాదాపు నాలుగున్నర లక్షల కుటుంబాలని కూడా రాశారు. లెక్కపెట్టేటప్పుడు కుటుంబమే, అన్నం పెట్టేటప్పుడే విడివిడి! నైట్ షెల్టర్ గుమ్మం దగ్గర తండ్రి ఒకవైపు, తల్లి ఊరి ఇంకో మూలకి. మీసాలు మొలుస్తున్న కొడుకు తల్లితో వెళ్లడానికి వీల్లేదు, పొయ్యీ గిన్నెల మూట ఎవరితోనూ వెళ్లడానికి వీల్లేదు. దాంతో అయిదుగురూ కలిసి ఫ్లైఓవర్ కిందే పడుకుంటారు. మర్నాడు మనవాళ్ల తీర్పు: "షెల్టర్లో చోటున్నా వీళ్లే రారండీ."

ఆడవాళ్ల భద్రత సంగతేమిటని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. దానికి కావలసింది లోపల గడియ ఉన్న గది, అంతే. అది మనకు తెలియని విద్యేం కాదు. పుణ్యక్షేత్రాల్లో సత్రాల గుమాస్తాలు తరతరాలుగా ఒంటరిగా వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసి పంపేసి, పెళ్లాం పిల్లలతో వచ్చినవాడి చేతిలో తాళంచెవి పెడుతున్నారు. దేవుడి దర్శనానికి కుటుంబం అర్హత, తలదాచుకోవడానికి మాత్రం అనర్హత.

తిండి విషయంలో కాస్త నయం. అయిదు రూపాయల భోజనాన్ని ఎగతాళి చేసేవాడికి ఆకలి తెలియదని నా నమ్మకం. ఆంధ్రాలో అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు, 2019లో మూశారు, 2024 ఆగస్టు 15న మళ్లీ తెరిచారు. ఆకలి మధ్యలో అయిదేళ్లు సెలవు పెట్టిందనుకోవాలి. హైదరాబాద్‌లో 2014 నుంచి అన్నపూర్ణగా వడ్డించిన కౌంటర్లు 2025లో ఇందిరమ్మ పేరుకు మారి, టిఫిన్ కూడా పెడుతున్నాయి. పప్పుచారు రుచి పేరుతో మారదు కాబట్టి అందులో తగాదా లేదు. కానీ నడిచి రాగలిగినవాడికే ఆ పళ్లెం, కాళ్లు రాని ముసలమ్మకు కాదు. ఇంట్లో వండుకు తినమని రేషన్ బియ్యం ఇస్తారు. బియ్యానికి కార్డుంది, పొయ్యికి గోడేది?

ఊరికే పెడితే సోమరిపోతులవుతారన్నది ఇంకో పెద్దమాట. ఫ్లైఓవర్ కింద పడుకున్నవాళ్లలో చాలామంది తెల్లారేసరికి కూలీల అడ్డా మీద ఉంటారు. మన అపార్ట్‌మెంట్ల సిమెంటు వాళ్ల గోళ్లలోనే ఉంది. వాళ్లకు లేనిది పని చేసే బుద్ధి కాదు, ఇంటి ఓనరు అడిగే రెండు నెలల అడ్వాన్సు. జ్వరమొచ్చి పనికి పోలేని నెలలో ఆ అద్దె ఎవరైనా కట్టి ఉంటే షెల్టరూ అక్కర్లేదు, పొట్లమూ అక్కర్లేదు. ఖర్చు కూడా తక్కువే. ఒకటే చిక్కు, అది ఫొటోలో పడదు. దుప్పటికి ఆ ఇబ్బంది లేదు: నాలుగు మూలలూ నలుగురు పట్టుకుంటారు, మధ్యలో మరో ముగ్గురు చెయ్యి ఆనిస్తారు, పుచ్చుకునే ముసలమ్మ ఆ వెనకాల ఎక్కడో ఉంటుంది. అద్దె రసీదును ఏడుగురు ఎలా పట్టుకుంటారు? పోనీ పట్టుకున్నారే అనుకోండి, శాలువా ఎవరికి కప్పాలి, ఇంటి ఓనరుకా?