గండికోటలో రాత్రి ఫొటోలు: కొన్ని అమూల్య సలహాలు

గండికోటకు పున్నమి నాడే బయల్దేరండి. అమావాస్య పూట ప్రయాణమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు ఎలాగూ కోప్పడతారు, వాళ్ల మాట కాదనడం దేనికి? వెన్నెల్లో పెన్నా లోయ బ్రహ్మాండంగా ఉంటుంది. పాలపుంత కనపడదంటారా? కనపడదు. ఆ వెలుగులో చిన్నాచితకా చుక్కలే నిలవవు, ఇక అదేం నిలుస్తుంది? అదే కావాలంటే చైత్ర వైశాఖాల్లో, అమావాస్యకు అటూ ఇటూ రోజుల్లో, అర్ధరాత్రి దాటాక దక్షిణం వైపు చూడాలి. వృశ్చికం కొండి దగ్గర, మూలా నక్షత్రానికి చేరువలో పాలపుంత నడిబొడ్డు ఉంటుంది. గోడ మీది క్యాలెండరు చూస్తే తిథి తెలిసిపోతుంది. అంత శ్రమెందుకు, ఆషాఢం దాకా ఆగండి. మబ్బులొచ్చి గొడవే వదిలిపోతుంది.

ట్రైపాడ్ ఎంత తేలికైతే అంత మంచిది, మోసేది మీరే కదా. మధ్య కడ్డీని పూర్తిగా పైకి లాగి, సరిగ్గా గాలి కొట్టే చోట నిలబెట్టండి. బ్యాగును కొక్కేనికి తగిలిస్తే బరువుకు కుదురుగా నిలుస్తుందంటారు గానీ, బ్యాగులో బిస్కెట్లున్నాయి, చేతికి అందుబాటులో ఉండాలి. షట్టర్ వేలితోనే గట్టిగా నొక్కండి. రెండు సెకన్ల టైమర్ ఉన్నది గ్రూప్ ఫొటోల్లోకి పరిగెత్తుకెళ్లి నిలబడ్డానికి.

ఫోకస్ సంగతి కెమెరాకే వదిలేయండి. చీకట్లో ఏదీ దొరక్క లెన్సు ముందుకూ వెనక్కూ గిర్రుగిర్రుమని తిరుగుతుంటే పాపం కష్టపడుతోందని సంతోషించండి. కొందరు చాదస్తులు మాన్యువల్‌లో పెట్టి, తెర మీద ఒక మెరిసే చుక్కను పదింతలు పెద్దది చేసుకుని, అది చిక్కి చిక్కి సన్నబడే దాకా రింగును అటో వెంట్రుకవాసి ఇటో వెంట్రుకవాసి తిప్పుతూ కూర్చుంటారు. మనకెందుకా తంటా? లెన్సు మీద అనంతం గుర్తు ఉండనే ఉంది. చాలా లెన్సుల్లో ఆ గుర్తు కాస్త పక్కకు ఉంటుంది, కాబట్టి మీ చుక్కలు బొరుగుల్లా ఉబ్బుతాయి. కెమెరా వెనకున్న చిన్న తెర మీద అదేమీ తెలీదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకోవచ్చు, తొందరేముంది?

ఎంతసేపు తెరిచి ఉంచాలంటే, ఓపిక ఉన్నంతసేపు. 500ని లెన్సు మిల్లీమీటర్లతో భాగించమని పాత లెక్క ఒకటుంది. 24 ఎంఎం లెన్సుకు 20 సెకన్లు వస్తుంది, అది దాటితే చుక్కలు సాగడం మొదలవుతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతోంది మరి. మీరు 4 నిమిషాలు పెట్టండి, చుక్కకు ఒక డిగ్రీ తోక ఉచితం. కావాలనే తోకలు తీసేవాళ్లు కెమెరాను ఉత్తరానికి తిప్పుతారు. గండికోటలో ధ్రువ నక్షత్రం దిగంతానికి 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఊరి అక్షాంశం ఎంతో దాని ఎత్తూ అంతే. వందల ఫొటోలు వరసగా తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే చుక్కలు దాని చుట్టూ వలయాలు కడతాయి. అప్పుడు లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ తప్పకుండా ఆన్ చేయండి. ప్రతి ఫొటో తర్వాతా కెమెరా అంతే సేపు ఇంకో నల్ల ఫొటో తీసుకుంటుంది, ఈలోగా చుక్కలు జరిగిపోతాయి, వలయాలకు చక్కగా గండ్లు పడతాయి.

కళ్లు చీకటికి అలవాటు పడాలంటే ఇంచుమించు అరగంట పడుతుంది. అందుకని ప్రతి పది నిమిషాలకూ ఫోన్ తీసి చూసుకోండి. ఎర్ర టార్చి కొనకండి. పక్కన ఇంకెవరైనా ఫొటో తీస్తుంటే హెడ్‌లైట్లు వేసి కారు వెనక్కి తిప్పండి, పరిచయం పెరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఊళ్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లడం. అర్ధరాత్రి, పాడుబడ్డ గుడి, మూడు కాళ్ల స్టాండు, గుసగుసలు. రాయలసీమలో పాత గుళ్లనూ కోటలనూ గుప్తనిధుల కోసం తవ్వేసేవాళ్లు ఉన్నారు, కాబట్టి ఊరివాళ్లు “ఎవుర్రా మీరు, ఏం తవ్వుతాండారు?” అని కర్రలతో వస్తే తప్పు వాళ్లది కాదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర “అన్నా, రాత్రికి చుక్కల ఫొటోలు తీస్తాం” అని చెబితే తీరిపోయేది. నిజానికి ఆ అన్నే మంచి చోటు కూడా చూపించేవాడు. కానీ టీ డబ్బులు దండగ కదా.

పైవన్నీ తిరగేసి చదువుకున్నా నష్టం లేదు. ఈ మూడు మాత్రం ఉన్నదున్నట్టు పాటించండి. కట్లపాము రాత్రుళ్లే తిరుగుతుంది, బూట్లు లేకుండా గడ్డిలో కాలు పెట్టొద్దు. తెలియని పొలాలకు అడ్డంపడి నడవొద్దు, అడవిపందుల కోసం దొంగతనంగా కరెంటు తీగలు పెడతారు, వాటికి మనుషులు చచ్చిపోయారు. లోయ అంచు ఎక్కడుందో పగలే చూసి పెట్టుకోండి. ఫ్రేము కుదరలేదని తెర చూస్తూ వెనక్కి అడుగేయొద్దు. అంచంతా కంచె ఉండదు, పెన్నా చాలా కిందుంది.